ఏమీ జరగని రోజుల్లో కథలు ఎక్కడ దొరుకుతాయి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది: "కథలు రాయాలని చాలా కోరిక. కానీ నా జీవితంలో చెప్పుకోదగ్గది ఏదీ జరగదు. పొద్దున ఆఫీసు, సాయంత్రం ఇల్లు. ఆఫీసులో గ్రూప్ ఫోటో దిగినప్పుడల్లా 'నేను తీస్తాను' అని ముందుకొచ్చి, ఒక్క ఫోటోలోనూ కనిపించని ఆయన ఒకరున్నారు. మా దగ్గర వింత అంటే అంతే. ఇలాంటి జీవితంలోంచి కథలకు ఐడియాలు ఎలా వస్తాయి?"

చాలా కాలంగా కథలు రాస్తున్నాను, కొత్తగా రాసేవాళ్ల చిత్తుప్రతులు చదువుతున్నాను. అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఆ ఫోటోల మనిషి గురించి మీరు ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయారు. నేను అక్కడే ఆగిపోయాను. ఆయన తన ముఖం ఎక్కడా కనిపించకూడదని అనుకుంటున్నాడా? కెమెరా చేతిలో ఉంటే ఎవరి పక్కన నిలబడాలో తేల్చుకునే పని తప్పుతుందనా? ఆ ఫోటోలు తర్వాత ఇంటికెళ్లి చూసుకుంటాడా? ఏదో ఒకరోజు ఎవరో ఫోన్ లాక్కుని "ఇవాళ మీరు కూడా నిలబడాల్సిందే" అంటే ఆయన ఏం చేస్తాడు? మీకు ఐడియాలు రాకపోవడం లేదు. వచ్చినదాన్ని ఐడియాగా లెక్క వెయ్యడం లేదు, అంతే.

కథ అనగానే చాలామందికి జరిగిన సంగతి గుర్తొస్తుంది. ప్రమాదం, మోసం, ప్రేమ, చావు. ఇవేవీ జరగనివాళ్లు తమ దగ్గర సరుకు లేదనుకుంటారు. జరిగినవాళ్లు "నా జీవితం రాస్తే పెద్ద నవల అవుతుంది" అంటారు. రెండోరకం వాళ్ల పరిస్థితే నిజానికి ఎక్కువ కష్టం. వాళ్లకు జరిగినదంతా తెలుసు. ఎవరు మంచివాళ్లో ఎవరు చెడ్డవాళ్లో తీర్పు కూడా ఎప్పుడో ఇచ్చేసుకున్నారు. రాయడానికి కూర్చుంటే వాళ్ల చేతిలోంచి వచ్చేది ఒక ఫిర్యాదు పత్రం. కథను ముందుకు లాగేది రాసేవాడికి ఇంకా తెలియని భాగం. ఒక మనిషి చెప్పినదానికీ చేసినదానికీ మధ్య ఎక్కడో పొంతన కుదరదు. ఎందుకు కుదరలేదో మీకు తెలియదు, తెలుసుకోవాలని మనసు పీకుతుంది. నేను కథాబీజం అనేది దాన్నే. ఇంత చిన్నది దొరకడానికి సాహసాలూ ప్రయాణాలూ అక్కర్లేదు.

మరి రోజూ ఎదురయ్యేవి కనిపించకుండా ఎందుకు పోతాయి? అలవాటు వల్ల. టాల్‌స్టాయ్ 1897లో తన డైరీలో ఒక చిన్న సంగతి రాసుకున్నాడు. గదిలో దుమ్ము తుడుస్తూ సోఫా దగ్గరికి వచ్చాడు. దాన్ని అప్పటికే తుడిచాడో లేదో ఎంత ఆలోచించినా గుర్తురాలేదు. తెలియకుండా చేసిన పని చెయ్యనిదానితో సమానమని, ఎందరి జీవితాలో మొత్తంగా ఇలాగే తెలియకుండా గడిచిపోతే ఆ జీవితాలు లేనట్టేనని అక్కడ రాశాడు. విక్టర్ ష్క్లోవ్‌స్కీ అనే రష్యన్ విమర్శకుడు 1917లో ఒక వ్యాసంలో ఈ డైరీ భాగాన్నే తీసుకుని, అలవాటు అనేది మన బట్టల్నీ సామాన్లనీ కట్టుకున్న భార్యనీ చివరికి యుద్ధభయాన్నీ కూడా మింగేస్తుందని వాదించాడు. కళ చేసే పని అలా మాయమైనవాటిని మళ్లీ కళ్ల ముందు నిలబెట్టడమే అన్నాడు. వంద ఏళ్లు దాటినా రోజువారీ జీవితంలోంచి రాయాలనుకునేవాళ్లకు ఇంతకంటే పనికొచ్చే మాట నాకు కనపడలేదు. సోఫా తుడవడం కంటే మామూలు పని ఇంకేముంటుంది? అందులోంచే ఆయనకు అంత పెద్ద ప్రశ్న పుట్టింది.

అలాగని "చుట్టూ ఉన్న ప్రతిదాన్నీ గమనించండి" అనే సలహా నేను ఇవ్వను. అన్నీ గమనించడం ఎవరివల్లా కాదు. ప్రయత్నిస్తే రెండు రోజుల్లో తల బరువెక్కి వదిలేస్తారు. ఒక్క రకం విషయం కోసం మాత్రం కళ్లు తెరిచి ఉంచండి: ఉండాల్సినదానికంటే కాస్త ఎక్కువగానో తక్కువగానో ఉన్నది. తలుపు పట్టుకున్నంత మాత్రానికి నాలుగుసార్లు థాంక్స్ చెప్పే మనిషి. చాలా పెద్ద వార్త విని కూడా "అలాగా" అనేసి వంచిన తల ఎత్తని మనిషి. ఎవరూ అడగని ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్లు. ఎప్పుడో జరిగిన ఒక సంగతిని భార్యాభర్తలు కలిసి చెబుతూ చెబుతూ ఒకచోటికి రాగానే ఇద్దరూ ఒకేసారి ఆగి మాట మార్చడం. ప్రతిస్పందనకూ సందర్భానికీ కొలత కుదరనప్పుడు ఆ తేడా వెనక ఏదో ఒక గతం ఉంటుంది. ఆ గతాన్ని మీరు కల్పించాలి.

చెవులకు దొరికేవి ఇంకా ఎక్కువ. పక్కవాళ్లు ఫోన్లో మాట్లాడుతుంటే మనకు ఒక వైపే వినిపిస్తుంది కదా. 2010లో కార్నెల్ యూనివర్సిటీ పరిశోధకులు దీని మీద ప్రయోగాలు చేశారు. ఇద్దరి మాటలూ వినిపించినప్పటికంటే, ఒక్కరే చెప్పుకుపోతున్నది విన్నప్పటికంటే, ఇలా సగం సంభాషణ చెవిన పడ్డప్పుడు మనుషులు చేస్తున్న పనిమీద ధ్యాస ఎక్కువగా చెదిరింది. అవతలి మాట వినపడదు కాబట్టి తర్వాత ఏం వస్తుందో ఊహకు అందదు, బుర్ర దాన్ని వదలదు. అందరికీ చిరాకు తెప్పించే ఈ లక్షణమే రాసేవాళ్లకు అక్కరకొస్తుంది. "లేదు లేదు, తను బాగానే ఉంది, నిన్న నవ్వింది కూడా" అని ఎవరో ఫోన్లో చెబుతారు. నవ్వడం ఒక వార్త ఎందుకైంది? అవతల ఉన్నది ఎవరు, ఈ వార్త వాళ్లకు ఎందుకు చేరాలి, స్వయంగా వచ్చి ఎందుకు చూడరు? ఆ వినపడని సగాన్ని ఇంటికెళ్లి రాయండి. మొదట్లో చెయ్యి తిరగడానికి దీన్ని మించిన సాధన లేదు.

రాతలో ఉన్నవి కూడా చూడండి. ఎవరో నింపిన ఫారంలో "అత్యవసరమైతే ఎవరికి తెలియజెయ్యాలి" అన్న చోట రాసి కొట్టేసిన పేరు. పాత పుస్తకం మొదటి పేజీలో ప్రేమగా రాసిన కానుక వాక్యం. మరి ఆ పుస్తకం అమ్మకానికి ఎలా వచ్చింది? గ్రూపులో పోస్ట్ చేసి, అందరూ చూసేలోపే తీసేసిన మెసేజ్. తీసేసినట్టు ఒక గుర్తు మాత్రం అక్కడే మిగిలి ఉంటుంది. ఇలాంటివాటికి ఒక గొప్ప సౌకర్యం ఉంది, వాటి వెనకున్న మనుషులు మీకు తెలియదు కాబట్టి ఊహకు ఎవరూ అడ్డు రారు.

ఇక్కడిదాకా చెప్పింది ఏరుకోవడం గురించి. ఏరుకున్నదాన్ని కథగా మార్చే దగ్గరే ఎక్కువమంది చేతులెత్తేస్తారు. కాబట్టి ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా నడిపి చూపిస్తాను.

రక్తపరీక్షలు చేసే ల్యాబులో మీ వంతు కోసం కూర్చున్నారనుకోండి. కౌంటర్ దగ్గర ఒకావిడ నిలబడి ఉంది. రిపోర్టు వచ్చాక ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలని కౌంటర్‌లోని అమ్మాయి అడిగింది. ఆవిడ తడుముకోకుండా ఒక నంబరు గడగడా చెప్పేసింది. వెంటనే "ఆగండి, అది వద్దు" అని, బ్యాగులోంచి ఫోన్ తీసి, అందులో చూసుకుంటూ ఇంకో నంబరు చదివింది. మీరు చూసింది ఇంతే.

ఇందులో పొంతన కుదరనిది ఏమిటో ముందు సరిగ్గా పట్టుకోవాలి. మనసు మార్చుకోవడం వింతేమీ కాదు, అందరూ చేసేదే. కంఠతా వచ్చిన నంబరు వద్దనుకుంది, కావాలనుకున్న నంబరు మాత్రం కంఠతా రాదు. చిక్కుముడి అక్కడుంది. ఆ మొదటి నంబరు ఎవరిది? వెంటనే తట్టే జవాబు, విడిపోయిన భర్తది. దాన్ని కాగితం మీద రాసి కొట్టెయ్యండి. అలా జరగదని కాదు, ఈ జవాబు మీకంటే ముందు పాఠకుడికి వచ్చేస్తుంది కాబట్టి. తర్వాత తట్టేది, చనిపోయిన అమ్మ నంబరు. ఇదీ చేతికి తేలిగ్గా అందే దుఃఖమే. మూడో నాలుగో జవాబు దగ్గర ఇక ఏమీ తట్టక చెయ్యి ఆగిపోతుంది. మంచివి ఆ ఆగిన చోటు తర్వాతే వస్తాయి, కాబట్టి లేవకండి. నాకు తట్టింది ఇది: ఆ నంబరు ఆవిడ అన్నయ్యది. చిన్నప్పటినుంచీ ఏ ఫారం నింపాల్సి వచ్చినా ఆవిడ ఇచ్చేది ఆయన నంబరే. ఇప్పుడు ఆయనకు కిడ్నీ కావాలి. ఆవిడది సరిపోతుందో లేదో చూసే తొలి పరీక్షల కోసం వచ్చింది. ఫలితం తనకంటే ముందు అన్నయ్యకు తెలియకూడదు. ఎందుకంటే సరిపోదని తేలితే తన ముఖంలోకి రాబోయే ఊరటను దాచుకోవడానికి ఆవిడకు కొంచెం టైమ్ కావాలి.

ఇప్పుడు కథకు ప్రాణం వచ్చింది. ఆవిడ చెడ్డది కాదు, అన్నయ్య మీద ప్రేమ లేక కాదు. భయం, దానితోపాటు భయపడుతున్నందుకు సిగ్గు. ఇక ఒక్క అడుగు ముందుకు తోయాలి. కౌంటర్‌లోని అమ్మాయి మొదటి నంబరును సరిగా కొట్టెయ్యలేదు. ఫోన్ ఆవిడతోపాటు అన్నయ్యకు కూడా వెళ్లింది. అన్నీ సరిపోయాయని ఆయనకు తెలిసిపోయింది. సాయంత్రం చెల్లెలు వచ్చి "ఇంకా ఏమీ చెప్పలేదు, వాళ్లకు ఎప్పుడూ ఆలస్యమే" అంటుంది. ఆయన ఆమెను అడగడు. ఇద్దరూ కూర్చుని ఇంకేవో కబుర్లు చెప్పుకుంటారు. నా కథ ఆ కబుర్లే. ఎవరి వైపునుంచి చెప్పాలన్నది తర్వాతి ప్రశ్న. అన్నయ్య వైపునుంచి చెబితే పాఠకుడికి ఆయనతోపాటే అన్నీ తెలుస్తాయి, చెల్లెలి ప్రతి మాటా గుచ్చుకుంటుంది. చెల్లెలి వైపునుంచి అయితే అన్నయ్య అంత ప్రశాంతంగా ఎందుకున్నాడో చివరిదాకా తెలియదు. నేనైతే అన్నయ్యనే ఎంచుకుంటాను. తెలిసి కూడా అడగకుండా ఉండటానికి ఆయన పడే శ్రమ నాకు ఎక్కువ ఆసక్తి. మీరు ఇంకోలా ఎంచుకోవచ్చు, అప్పుడది మీ కథ.

ఆవిడ అసలు సంగతి ఏమిటో కనుక్కుని ఉంటే బాగుండేది కదా అని మీకు అనిపించవచ్చు. వద్దు. అమెరికన్ నవలాకారుడు హెన్రీ జేమ్స్ తన నవల ఒకదానికి రాసిన ముందుమాటలో ఈ విషయం చాలా స్పష్టంగా చెప్పాడు. క్రిస్మస్ ముందురోజు రాత్రి విందులో పక్కన కూర్చున్నావిడ మాటల మధ్య ఒక సంగతి చెప్పింది. తండ్రి పోయాక ఇంటి సామాన్లు ఎవరికి చెందాలన్నదాని మీద ఒక తల్లికీ ఆమె ఏకైక కొడుక్కీ మధ్య పెద్ద వైరం నడుస్తోందట. జేమ్స్‌కు ఆ నాలుగు మాటల్లోనే కథ మొత్తం తగిలింది. కానీ ఆవిడ ఆపలేదు, తర్వాత నిజంగా ఏం జరిగిందో చెప్పుకుపోయింది. వింటున్నకొద్దీ జీవితం చక్కటి విత్తనాన్ని చేజేతులా పాడుచేస్తున్నట్టు ఆయనకు అనిపించింది. జరిగింది జరిగినట్టు తెలిసిపోతే ఊహకు చోటు మిగలదు. పైగా నిజ జీవితంలో గొడవలు చాలావరకు ఎటూ తేలకుండా చల్లారిపోతాయి. కాబట్టి ఆసక్తి పుట్టినచోటే వినడం ఆపెయ్యండి. బంధువుల ఇంట్లో ఎవరైనా "అసలు విషయం ఏమిటంటే..." అని మొదలుపెడితే, మీరు దాన్ని కథ చేద్దామనుకుంటున్నట్టయితే, ఏదైనా పని పెట్టుకుని పక్కకు వెళ్లడం మంచిది.

రాసిపెట్టుకోవడం గురించి. 1885లో జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల వరుసలను తానే బట్టీపట్టి, ఎంత కాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి ప్రచురించాడు. మరపు మొదటి గంటలోనే చాలా ఎక్కువగా ఉండి, తర్వాత మెల్లగా సాగింది. మీరు విన్న మాటలు అర్థంలేని అక్షరాలు కావు, నిజమే. వాటి సారం గుర్తుంటుంది. పోయేది ఖచ్చితమైన మాట వరుస, ఆ విరామం, ఆ చేతి కదలిక. కథకు కావాల్సినవి సరిగ్గా అవే. కాబట్టి రాత్రికి రాసుకుందాంలే అనుకోకండి, వెంటనే ఫోన్లో రెండు ముక్కలు కొట్టండి.

ఏం రాసుకోవాలన్నది ఇంకా ముఖ్యం. చాలామంది నోట్సుల్లో నాకు కనిపించేవి తీర్పులు. "పాపం, ఒంటరి మనిషి." దీనితో ఆరు నెలల తర్వాత ఏమీ చెయ్యలేరు. "రెండు గ్లాసులు కడిగాడు, ఒకటే తుడిచి లోపల పెట్టాడు." దీనితో చెయ్యవచ్చు. మీకు ఏమనిపించిందో రాయకండి, మీకలా అనిపించేలా చేసింది ఏదో రాయండి. దానికి 'కథ ఐడియా' అని కూడా పేరు పెట్టకండి. ఐడియా అనగానే పెద్దదిగా, పూర్తిగా ఉండాలన్న టెన్షన్ మొదలై, చిన్నవి రాయడం మానేస్తారు.

ఇలాంటి ముక్కల్లో చాలావరకు ఒంటరిగా ఎటూ కదలవు. వాటిని పారెయ్యకండి, అప్పుడప్పుడూ తిరగేస్తూ ఉండండి. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు ముక్కలు ఎదురెదురు పడ్డప్పుడు కదలిక వస్తుంది. ఉదాహరణకు ఒక నోటు: డ్రైవింగ్ నేర్పే ఒకాయన, ఎవరి కారులో పక్కసీట్లో కూర్చున్నా, మలుపు రాగానే లేని బ్రేకు కోసం కాలు నేలకేసి నొక్కుతాడు. వేరే ఎప్పుడో రాసుకున్న ఇంకో నోటు: పక్కగదిలో ఎవరో కుర్రాడు ఆన్‌లైన్ ఇంటర్వ్యూలో తనకు లేని అనుభవం ఉందని చెబుతున్నాడు, గొంతు అస్సలు వణకడం లేదు. రెండూ బాగున్నాయి, రెండూ అక్కడే ఆగిపోయాయి. ఇప్పుడు ఆ కుర్రాడిని ఈయన కొడుకుగా చెయ్యండి. ముక్కూముఖం తెలియనివాళ్ల కోసం జీవితమంతా బ్రేకు తొక్కిన మనిషి తలుపు బయట నిలబడి, కొడుకు అబద్ధం అంత నున్నగా సాగిపోవడం వింటున్నాడు. తలుపు తడతాడా? తట్టకపోతే, ఆ ఉద్యోగం వచ్చాక కొడుకు మొదటి జీతంతో కొన్నది ఆయన ఎలా తీసుకుంటాడు? ఇది ఒక్క సంఘటనలోంచి రాదు. రెండు ముక్కల మధ్య కుదరక కుదిరిన సంబంధంలోంచి వస్తుంది. అందుకే నోట్సు ఎక్కువకాలం కొనసాగించినవాళ్లకు కథలు తేలిగ్గా తడుతున్నట్టు కనిపిస్తుంది.

బయట వెతకడం గురించే ఇంతసేపూ చెప్పాను. లోపల ఉన్నది ఇంకా నమ్మకమైనది, కానీ దాని దగ్గరికి వెళ్లడం కష్టం. స్నేహితుడికి ప్రమోషన్ వచ్చిందని తెలిసిన క్షణంలో, అభినందించడానికి ముందు మీ లోపల ఒక అర సెకను ఏదో కదులుతుంది. ఆస్పత్రిలో ఉన్నవాళ్లను చూసి బయటికి వచ్చాక కాళ్లు ఎందుకో తేలికగా పడతాయి. ఎవరో మీకు చేసిన మేలు పదేపదే గుర్తుచేసుకుంటున్నకొద్దీ వాళ్లమీద చిన్న కోపం పెరుగుతుంది. ఇవి ఎవరికీ చెప్పం. చెప్పుకోం కాబట్టే చదివినప్పుడు "ఇది నాకొక్కడికే అనుకున్నానే" అని పాఠకుడు ఉలిక్కిపడతాడు. మీకు ఏమీ జరగడం లేదంటున్నారు. ఈ రకం లెక్కన చూస్తే ఎవరికైనా రోజుకు పదిసార్లు ఏదో ఒకటి జరుగుతూనే ఉంటుంది. ఒక నియమం మాత్రం పెట్టుకోండి. ఆ భావాన్ని మీలాంటి మనిషికి ఇవ్వకండి. మీ వయసు, వృత్తి, పరిస్థితి ఏదీ కలవని పాత్రకు ఇవ్వండి. ఈర్ష్య మీది, మనిషి ఇంకొకరు. అప్పుడు దాచుకోవాల్సిన అవసరం పోయి నిజం ధైర్యంగా రాయగలుగుతారు.

ఒక హెచ్చరిక. "వృద్ధాప్యంలో ఒంటరితనం", "సెల్‌ఫోన్లవల్ల దూరమవుతున్న కుటుంబాలు" లాంటివి ఐడియాలు కావు, వ్యాసాల శీర్షికలు. వాటితో మొదలుపెడితే పాత్రలు మీ అభిప్రాయాన్ని మోసే కూలీలవుతాయి, ముగింపు మొదటి పేరాలోనే కనిపిస్తుంది. నా దగ్గరికి వచ్చే చిత్తుప్రతుల్లో బలహీనమైనవి ఎక్కువగా ఇలా పుట్టినవే. ఇంటర్నెట్లో దొరికే "కథలకు వంద ఐడియాలు" జాబితాలు కూడా అంతే, చెయ్యి ఆడించడానికి ఒక పూట పనికొస్తాయి.

దొరికినది నిలుస్తుందో లేదో ఎలా తెలుస్తుంది? నేను చూసేవి రెండే. ఆ మనిషికి ఏదో కావాలి, దానికోసం ఇంకేదో వదులుకోవాలి, ఆ రెండూ నాకు చెప్పడానికి వస్తున్నాయా? రాయకుండా కొన్ని వారాలు పక్కన పెట్టినా అది తనంతట తానే మళ్లీ గుర్తొస్తోందా? రెండింటికీ అవునంటే రాయడం మొదలుపెడతాను, ముగింపు తెలియకపోయినా సరే. కూర్చున్నాక ఎవరికీ నోటితో కథ చెప్పకండి. వాళ్లు "బాగుంది" అనగానే సగం ఆకలి తీరిపోతుంది, రాయాలన్న ఆత్రం తగ్గుతుంది.

చివరిగా, మీరు అడగలేదు కానీ తప్పకుండా ఎదురయ్యేది: నిజమైన మనుషుల్లోంచి తీసుకున్నప్పుడు ఎంత మార్చాలి? పేరూ ఊరూ మార్చితే సరిపోతుందనుకుంటారు. ఈ విషయంలో రష్యన్ రచయిత గోగోల్ 'ఓవర్‌కోటు' కథ పుట్టిన తీరు తెలుసుకోవడం మంచిది. ఆయన్ని ఎరిగిన పావెల్ అన్నెన్‌కోవ్ తన జ్ఞాపకాల్లో రాసిన ప్రకారం, ఒకసారి గోగోల్ సమక్షంలో ఎవరో ఒక గుమాస్తా గురించి సరదాగా చెప్పారు. పేద గుమాస్తా, పక్షుల వేట పిచ్చి. కడుపు కట్టుకుని, అదనపు పని చేసి మంచి తుపాకీ కొన్నాడు. మొదటిసారి వేటకు పడవలో వెళ్తూ దాన్ని ముందు పెట్టుకున్నాడు. దట్టమైన రెల్లు గడ్డిలోంచి పడవ పోతుంటే అది తగులుకుని తుపాకీ నీళ్లలో పడిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు. ఇంటికొచ్చి జ్వరంతో మంచం పట్టాడు. తోటి ఉద్యోగులు చందాలు వేసుకుని కొత్త తుపాకీ కొనిచ్చాకే లేచాడు. విన్నవాళ్లంతా నవ్వారు, గోగోల్ మాత్రం తలవంచుకుని ఆలోచనలో పడ్డాడు. కథ 1842లో అచ్చయింది.

ఆయన ఏం మార్చాడో చూడండి. తుపాకీ చోట చలికోటు పెట్టాడు. తుపాకీ సరదా వస్తువు, చలికోటు లేకపోతే ఆ దేశంలో బతకలేరు. ఆ ఒక్క మార్పుతో నవ్వుకునే సంగతి గుండెల మీద బరువైంది. చందాలతో కొత్త తుపాకీ కొనిచ్చిన మంచి సహోద్యోగుల చోట రోజూ గేలిచేసేవాళ్లను పెట్టాడు, వాళ్లు వేసుకున్న చందా ఏ మూలకూ చాలలేదు. కోటు పోయాక గుమాస్తా సాయం కోసం వెళ్తే ఒక పెద్ద అధికారి కసిరి పంపేశాడు, జ్వరం అతన్ని తీసుకుపోయింది. అసలు గుమాస్తా ఆ కథ చదివి ఉన్నా తనను తాను పోల్చుకోలేడు. విన్నదాంట్లోంచి గోగోల్ ముఖ్యంగా ఉంచుకున్నది ఒక్కటే: ఎంతో ఆశపడి, ఎన్నో మానుకుని కొన్న వస్తువు వెంటనే పోవడం. మీరూ అలాగే చెయ్యండి. మిమ్మల్ని కదిలించిన ఆ ఒక్క ఎముక ఉంచుకుని వస్తువు, సంబంధం, ముగింపు మార్చండి. మారుస్తున్నకొద్దీ కథ బలపడాలి. బలహీనపడుతోందంటే మీరు ఇంకా ఆ మనిషి గురించే రాస్తున్నారు, పాత్ర పుట్టలేదు.

ఎంత మార్చినా గుర్తుపట్టేంత దగ్గరగా ఉండే కథలు కొన్ని ఉంటాయి, ముఖ్యంగా ఇంట్లోవాళ్లవి. ఆ మనిషి తిరిగి మాట్లాడగలిగే స్థితిలో ఉంటే అచ్చుకు ముందే చూపించండి. అనుమతి కోసం కంటే, వాళ్లు ఇంకొకరి నోటినుంచి వినకుండా ఉండటం కోసం. పిల్లలు, జబ్బుతో ఉన్నవాళ్లు, మిమ్మల్ని నమ్మి రహస్యం చెప్పినవాళ్లు అయితే మాత్రం రాసి మీ దగ్గరే ఉంచుకోండి. మీ ఫోటోల సహోద్యోగి విషయంలో ఆ చిక్కు లేదు. ఆయన ఎందుకు అలా చేస్తాడో ఆయన్ని అడగకుండా, ఆఫీసు తీసేసి ఇంకెక్కడైనా పెట్టి, ఈ వారంలో ఒక పేజీ రాసి చూడండి.